వాళ్ల లోటుకు గడి లేదు



"వాడ ఆరోగ్య చరిత్ర"లో ఇది తొమ్మిదో భాగం. పోయిన వారం మంత్రసానుల గురించి రాస్తే చాలామంది విద్యార్థులు ఇంచుమించు ఒకే ప్రశ్న పెట్టారు. "అన్నా, అదంతా పాత కథ కదా. ఇప్పుడు సబ్‌సెంటర్‌లో ట్యాబ్ ఉంది. ప్రతి గర్భిణికి ఒక నంబర్ ఉంది. అంతా ఆన్‌లైన్. కంప్యూటర్‌కి కులం తెలియదు కదా?"

కంప్యూటర్‌కి కులం బాగానే తెలుసు తమ్ముడూ. గర్భిణిని నమోదు చేసే ఫారంలో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని ఒక గడి ఉంటుంది. అది నింపుతారు. మన పేరు పక్కన మన కులం ఎక్కుతుంది. మరి ఆ కులం వల్ల మనకు ఏం జరిగింది అనేది ఎక్కడ ఎక్కుతుంది? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే. జవాబు కోసం మనం నల్లగొండ నుంచి కేప్‌టౌన్ దాకా, కేప్‌టౌన్ నుంచి కుప్పం దాకా తిరగాలి. ఓపికగా చదవండి.

పుస్తకంలో లేని మనిషి

మంత్రసాని సంగతి ఒక్క మాటలో గుర్తుచేస్తాను. చాలా ఊళ్లలో ఆమె మన వాడ మనిషే. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం మైల పని అన్నారు, అందుకే మనకు వదిలారు. ఊరంతా ఆమె చేతుల్లో పుట్టింది. పట్వారీ పుస్తకంలో భూమి ఉంది, శిస్తు ఉంది, బావి ఉంది, చెట్టు కూడా ఉంది. మంత్రసాని లేదు. ఆమె ఎన్ని కాన్పులు చేసిందో, ఎంతమందిని బతికించిందో రాసిన కాగితం మీకు ఏ ఆర్కైవ్‌లోనూ దొరకదు.

రాయనిది లెక్కలోకి రాదు, లెక్కలో లేనిదానికి బడ్జెట్ రాదు. అందుకే రికార్డు అంటే నాకు వ్యతిరేకత లేదు. మన పిల్లల చావులు లెక్కలో ఉండాలి, మన ఆడవాళ్ల రక్తహీనత లెక్కలో ఉండాలి. బాబాసాహెబ్ 1928లో బాంబే శాసన మండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి సాయం బిల్లును సమర్థించి మాట్లాడాడు. ఆ సాయం ఈరోజు ఒక ఆడమనిషి చేతికి అందాలన్నా ఆమె పేరు ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉండాలి. కాబట్టి రికార్డు ఉండాలి. అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరిని లెక్క అడుగుతుంది, అదీ తేలాల్సింది.

దినమంతా తిరుగుడు, రాత్రంతా రాసుడు

1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నమూనా ఇచ్చింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఇంకో మలుపు తిప్పింది. అంతకుముందు మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు ఊళ్లలో తిరిగేవాళ్లు. అందరినీ కలిపి "బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త" చేయమంది కమిటీ. అలా కాన్పులు చూసే ఏఎన్ఎం అన్నీ చూసే ఏఎన్ఎం అయింది. మైదానంలో 5000 మందికి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3000 మందికి ఒక సబ్‌సెంటర్ అనే లెక్క వచ్చింది.

పనులు కలిసినాయి కానీ పుస్తకాలు కలవలేదు. ప్రతి కార్యక్రమం తన రిజిస్టర్‌ను ఆమె సంచిలో వేసింది. దంపతుల రిజిస్టర్, గర్భిణుల రిజిస్టర్, టీకాల రిజిస్టర్, జనన మరణాలు, జ్వరం కేసుల రక్తపూతలు, మందుల స్టాకు.

మా చిన్నమ్మ 1980ల మధ్యలో ఏఎన్ఎంగా చేరింది. మా వాడ నుంచి సర్కారు కొలువు ఎక్కిన మొదటి ఆడమనిషి. "దినమంతా తిరుగుడు, రాత్రంతా రాసుడు బిడ్డా" అనేది. పదో తరగతి పరీక్షలకు నేను కిరసనాయిలు దీపం ముందు చదువుతుంటే, అదే దీపానికి అవతలి పక్క కూర్చుని ఆమె గీతలు గీసేది. అచ్చు రిజిస్టర్లు రాకపోతే తెల్ల నోటుబుక్ కొని, స్కేలు పెట్టి గళ్లు తానే గీసుకునేది. ఆ నోటుబుక్ డబ్బులు ఆమె జీతంలోవే.

ఆ గళ్లలో అన్నిటికంటే బరువైనది "ఆపరేషన్లు" అనే గడి. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఎవరి మీద జరిగాయో ఈ సీరీస్ నాలుగో భాగంలో చెప్పుకున్నాం. ఎమర్జెన్సీ పోయింది, టార్గెట్ పోలేదు. 1996 ఏప్రిల్‌లో ప్రభుత్వం టార్గెట్లు ఎత్తేసేదాకా ఏఎన్ఎం మెడ మీద ఆ అంకె ఉంది. మీటింగ్‌లో నిలబెట్టి అడిగేవాళ్లు: నీవి ఎన్ని? టార్గెట్ తగ్గినామె తలదించుకోవాలి. ఆమె సబ్‌సెంటర్‌కి కరెంటు ఉందా, నడిచే దారి ఉందా, మందులు వచ్చాయా అని అదే మీటింగ్‌లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. వాటికి రిజిస్టర్‌లో గడి లేదు కదా.

ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి. కాగితం పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు ఈ అలవాటు పోయిందా లేదా అన్నది మనం చూడాలి.

కేప్‌టౌన్‌లో పుట్టిన ఆలోచన

ఆరోగ్య కేంద్రాల్లో కంప్యూటర్ రికార్డు అనగానే అది ఏదో అమెరికా కంపెనీ నుంచి దిగిందనుకుంటాం. దాని ముఖ్యమైన పాయల్లో ఒకటి జాతి వివక్షను ఓడించిన దేశంలో పుట్టింది. అంబేద్కరైట్ విద్యార్థులకు ఈ సంగతి తెలియాలి.

దక్షిణాఫ్రికాలో అపార్థైడ్ ప్రభుత్వం ఆరోగ్య శాఖను కూడా రంగు ప్రకారం ముక్కలు చేసింది. తెల్లవాళ్లకు ఒకటి, కలర్డ్ అని పిలిచినవాళ్లకు ఒకటి, ఇండియన్లకు ఒకటి, నల్లవాళ్లను తోలేసిన బంటుస్థాన్‌లకు విడివిడిగా, మొత్తం 14 ఆరోగ్య శాఖలు. ఎవరి ఫారాలు వాళ్లవి, ఎవరి లెక్కలు వాళ్లవి. దేశంలో నల్లపిల్లలు ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో ఒకచోట పెట్టి చూసుకునే వీలు లేదు. మన దగ్గర వాడ ఊరికి అవతల ఉన్నట్టే, అక్కడ లెక్క కూడా లెక్కకు అవతల ఉండేది.

1994లో అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగాయి. ఆ మార్పులో కేప్‌టౌన్‌లోని విశ్వవిద్యాలయాల ప్రజారోగ్య కార్యకర్తలు, నార్వేకి చెందిన యోర్న్ బ్రా లాంటి కంప్యూటర్ పరిశోధకులు కలిసి హెల్త్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. దాన్నే హిస్ప్ అంటారు. మిచెల్స్ ప్లెయిన్ లాంటి చోట్ల, అంటే అపార్థైడ్ కాలంలో కలర్డ్ జనాన్ని తెచ్చి పడేసిన శివారు బస్తీల్లో, వాళ్ల పని నడిచింది.

వాళ్ల మూల సూత్రం సులువైనది. సమాచారం ఎక్కడ పుడుతుందో ముందు అక్కడ పనికి రావాలి. క్లినిక్‌లో పనిచేసే నర్సు తన అంకెలు తానే చూసుకుని, ఈ నెల టీకాలు ఎందుకు తగ్గాయి, ఏ వీధిలో తగ్గాయి అని తేల్చుకోగలగాలి. అందుకు వందల ప్రశ్నలు అక్కర్లేదు. అందరూ కూర్చుని, నిజంగా వాడే కొన్నిటిని ఎంచుకోవాలి. పైకి పంపడం తర్వాతి మాట. ఈ ఆలోచనతో ఉచితంగా వాడుకోగల ఒక సాఫ్ట్‌వేర్ తయారైంది. పేరు డీహెచ్‌ఐఎస్. దాని తర్వాతి రూపం ఓస్లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పెరిగి, ఈరోజు ఎన్నో పేద దేశాల ఆరోగ్య శాఖల్లో నడుస్తోంది.

ఇంత మంచి ఆలోచన మన దగ్గరికి వచ్చింది. వచ్చాక ఏమైంది?

కుప్పం, నల్లగొండ

2000 డిసెంబర్‌లో హిస్ప్ మన తెలుగు నేల మీద అడుగు పెట్టింది. ఎక్కడో తెలుసా? చిత్తూరు జిల్లా కుప్పం నియోజకవర్గంలో, తొమ్మిది పీహెచ్‌సీల్లో. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి సొంత నియోజకవర్గం అది. హైటెక్ సిటీ రోజులు. ప్రతి సమస్యకూ కంప్యూటరే మందు అనుకున్న రోజులు. ఇంటింటి ఆరోగ్య వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇంకో సర్కారు కార్యక్రమం కూడా అప్పుడే నడిచింది.

కుప్పం మీద పరిశోధకులు తర్వాత చాలా పత్రాలు రాశారు. వాటి సారం మన ఏఎన్ఎంలు ఒక్క వాక్యంలో చెప్పగలరు: రిజిస్టర్లు అలాగే ఉన్నాయి, మీద కంప్యూటర్ వచ్చింది. పాత రిపోర్టు పాత దారిలో పోవాలి, కొత్త రిపోర్టు కొత్త దారిలో పోవాలి. సాఫ్ట్‌వేర్ కేప్‌టౌన్‌ది. ఆఫీసు మాత్రం మనది. కింది మనిషి రాయాలి, పైమనిషి చూడాలి. కింది మనిషి తన అంకె చూసుకుని మాట్లాడటం అనేది ఆ ఆఫీసు ఊహకే అందలేదు. దక్షిణాఫ్రికాలో ఆ సాఫ్ట్‌వేర్ వెనక ఒక ప్రజా ఉద్యమం ఉంది. ఇక్కడ ఒక ముఖ్యమంత్రి పట్టుదల ఉంది. తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇంచుమించు అదే కాలంలో మా నల్లగొండ జిల్లాలో ఇంకో ప్రయోగం. ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇన్ఫోడెవ్ సాయంతో సుమారు 200 మంది ఏఎన్ఎంలకు చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. స్మార్ట్‌ఫోన్ అనే మాట మన ఊళ్లకు రాకముందు సంగతి ఇది. లక్ష్యం ఏమని చెప్పారంటే, ఏఎన్ఎంకి రాతపని తగ్గించి వైద్యానికి సమయం మిగల్చడం. లక్ష్యం మంచిదే. ఆ తర్వాత వచ్చిన ప్రతి యాప్ కూడా ఇదే మాట చెప్పింది. ఇరవై ఏళ్లుగా రాతపని తగ్గిస్తూనే ఉన్నారు, ఏఎన్ఎం సంచి మాత్రం తేలిక కాలేదు.

నంబర్ వచ్చింది, ట్యాబ్ వచ్చింది

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త వచ్చింది. ఆమెను ఉద్యోగి అనలేదు, వలంటీర్ అన్నారు. జీతం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. మన వాడల నుంచి ఎందరో అక్కలు ఆ పనిలో ఉన్నారు. అదే ఏడాది జననీ సురక్ష యోజన వచ్చింది. ఆసుపత్రి కాన్పులు బాగానే ఉన్న రాష్ట్రాలుగా లెక్కగట్టిన చోట్ల ఆ డబ్బు పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు. మన ఉమ్మడి రాష్ట్రం ఆ జాబితాలోదే. అంటే కులం గడి అక్కడ మన హక్కుకు దారి. దాన్ని తీసేయమని నేను ఎప్పుడూ అనను.

2008లో దేశమంతా నెలవారీ లెక్కలకు వెబ్ పోర్టల్ వచ్చింది. 2009 చివర తల్లీబిడ్డల ట్రాకింగ్ వ్యవస్థ వచ్చింది. మొదటిసారి అంకెల బదులు పేర్లు ఎక్కాయి. ఫలానా ఊరి ఫలానా గర్భిణి, ఆమెకు ఒక నంబర్, ఆమెకు ఎప్పుడు ఏ పరీక్ష చేయాలో ఒక జాబితా. 2016లో యూనిసెఫ్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో అన్మోల్ మొదలైంది. ఏఎన్ఎం ఆన్‌లైన్ అన్న మాటకు పొట్టిపేరు అది. రిజిస్టర్ పోయి ట్యాబ్ వస్తుందన్నారు. 2017లో తెలంగాణలో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు, విడతల వారీగా. ఏఎన్ఎం ఆన్‌లైన్‌లో ఎక్కించిన వివరాలను బట్టే ఆ విడతలు పడేవి. టీబీకి నిక్షయ్, కోవిడ్ టీకాకు కోవిన్, బీపీ షుగర్లకు ఇంకో యాప్, 2021 నుంచి ఆభా నంబర్.

మంచి కూడా చెప్పుకోవాలి. మన ఆడవాళ్లు ఒక చోట ఉండరు. మొదటి కాన్పుకు పుట్టింటికి పోతారు, ఇటుక బట్టీలకు పోతారు, పత్తి ఏరడానికి, మిర్చి కోతకు పోతారు. కాగితం రిజిస్టర్ ఆ ఊరు దాటి రాదు. నంబర్ దాటి రాగలదు. డ్యూ లిస్ట్ చేతికొస్తే కొత్తగా చేరిన ఏఎన్ఎం కూడా ఎవరింటికి ముందు పోవాలో తెలుసుకోగలదు. ఒక ఏఎన్ఎం అక్క నాతో అన్నది: "హైరిస్క్ అని ఎర్రగా చూపెడితే నాకే ధైర్యం తమ్మీ. డాక్టర్‌ని గట్టిగా అడగొచ్చు." ఇది చిన్న మాట కాదు.

120/80

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు చెప్పను.

కొన్నేళ్ల కింద మా వైపు ఒక మాదిగ వాడలో ఇరవై ఏళ్ల అమ్మాయికి ఎనిమిదో నెలలో గుర్రపువాతం వచ్చింది. పత్తి చేనులో పడిపోయింది. జిల్లా కేంద్రం చేరేసరికి బిడ్డ పోయింది, తల్లి బతికింది. మేం కొందరం పోయి అడిగితే ట్యాబ్ తెరిచి చూపించారు. నాలుగు పరీక్షలూ పూర్తి. నాలుగుసార్లూ బీపీ 120/80. తెర మీద అంతా పచ్చగా ఉంది.

ఆ అమ్మాయి తల్లి ఏమన్నదో తెలుసా? "చేతికి పట్టా కట్టింది ఒక్కసారే బిడ్డా, అది కూడా మూడో నెలల."

అబద్ధం రాశారు అని కోపం వస్తుంది. నాకూ వచ్చింది. తర్వాత ఆ ఏఎన్ఎంతో విడిగా కూర్చుని మాట్లాడాను. ఆమె కూడా మన మనిషే. కాంట్రాక్టు మీద ఉంది. బీపీ మిషన్ పాడై నెలలైంది. రాసి ఇచ్చింది, రాలేదు. ఫారంలో బీపీ గడి ఖాళీగా పెడితే తర్వాతి పేజీ తెరుచుకోదు. తర్వాతి పేజీ తెరుచుకోకపోతే ఆ అమ్మాయి నమోదు కాదు. నమోదు కాకపోతే ఆమెకు రావాల్సిన డబ్బు పడదు, సబ్‌సెంటర్ పేరు ఎర్ర జాబితాలో వస్తుంది, ఈమెకు మెమో వస్తుంది. "మిషన్ లేదు అని రాయడానికి ఎక్కడన్నా జాగా ఉంటే చూపెట్టన్నా, అదే రాస్తా" అన్నది.

నేను ట్యాబ్ మొత్తం వెతికాను. జాగా లేదు.

అందుకే మిత్రులారా, ఆ 120/80 అనే అంకెను నేను ఒక చారిత్రక పత్రంగా చదవమంటున్నాను. ఆ అంకె ఒక గర్భిణి రక్తపోటు చెప్పదు. బీపీ గడి తప్పనిసరి చేసిన రాజ్యం, బీపీ మిషన్‌ను తప్పనిసరి చేయలేదని చెబుతుంది. గర్భిణి రాకపోతే "రాలేదు" అనే గడి ఉంది. మాత్రలు మింగకపోతే ఆమె మీద రాసే గడి ఉంది. ఎక్కువ కాన్పులుంటే గడి ఉంది. అంబులెన్స్ రాలేదు, డాక్టర్ లేడు, మాత్రలు స్టాకు లేవు, మిషన్ పాడైంది, ఇవి ఆమె పేరు పక్కన రాయడానికి గడి లేదు. మన లోటు మన పేరు మీద ఎక్కుతుంది. వాళ్ల లోటు ఎవరి పేరు మీదా ఎక్కదు.

చివరికి ఆ బిడ్డ చావుకు సంజాయిషీ ఎవరిని అడిగారు? ఆశాను. ఆమె ఆ వాడ మనిషే, ఆ అమ్మాయికి వరసకు వదిన. ట్యాబ్‌లో ఆమె చేత ఒక్క అక్షరం కూడా రాయించలేదు, అయినా నోటీసు ఆమెకే వచ్చింది.

ముట్టుకున్నారా లేదా

ఇప్పుడు కులం గడి దగ్గరికి రండి. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ దళిత పిల్లలకు వైద్యం ఎలా అందుతోందో ఒక అధ్యయనం చేసింది. ఆమె అడిగినవి మన ఇళ్లలో రోజూ మాట్లాడుకునే సంగతులే. ఆరోగ్య కార్యకర్త ఇంటి లోపలికి వస్తుందా? పరీక్ష చేసేటప్పుడు ముట్టుకుంటుందా? మందు చేతిలో పెడుతుందా, పైనుంచి వేస్తుందా? మాట ఎలా ఉంటుంది? పిల్లలు చెప్పిన జవాబుల్లో అంటరానితనం ఉంది. ముట్టుకోకపోవడం అనేది వైద్యంలో మర్యాద సమస్య మాత్రమే కాదు. ముట్టుకోకుండా బీపీ చూడలేరు, కడుపు చూడలేరు, పాదాల వాపు నొక్కి చూడలేరు.

ఇది రెండు వైపులా కోస్తుంది. మా చిన్నమ్మ టీకా వేయడానికి పోతే కొన్ని ఇళ్లలో అరుగు మీదికే పిల్లను తెచ్చేవాళ్లు. సూది ఆమె చేతిది కావాలి, నీళ్లు మాత్రం ఆమె గ్లాసులో పోయరు. ఆమె రిజిస్టర్‌లో "టీకా వేయబడినది" అని ఉంటుంది. అది నిజమే. మిగతా నిజానికి గడి లేదు.

కులం రాయించుకుంటున్నారు కదా, ఆ లెక్క ఎక్కడికి పోతోంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీ, ఎస్టీ, బీసీల వారీగా రాష్ట్ర స్థాయి అంకెలు ఇస్తుంది, నిజమే. కానీ ఒక మండలంలో, ఒక పీహెచ్‌సీ కింద, వాడలో ఎంతమందికి పరీక్షలు అందాయి, ఊళ్లో ఎంతమందికి అందాయి అని పక్కపక్కన పెట్టిన కాగితం ఒక ఏఎన్ఎం బల్ల మీదికి తిరిగి రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. సమాచారం వాడలో పుడుతుంది, పైకి పోతుంది. కిందికి మెమోగా మాత్రమే వస్తుంది. కేప్‌టౌన్ సూత్రం పూర్తిగా తలకిందులైంది.

తెలంగాణలో గడి అంటే ఇంకో అర్థం కూడా ఉంది. దొర ఉండే కోటను గడి అంటారు. ఊరి లెక్కలన్నీ ఆ గడికే పోయేవి. అక్కడి నుంచి ఊరికి లెక్క చెప్పినవాడు లేడు. ట్యాబ్‌లో గళ్లు నింపే అక్కలను చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

అక్కలు ఊరుకోలేదు

ఇదంతా మౌనంగా మోశారని అనుకోకండి. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు సర్కారు ఇచ్చిన ఫోన్లను గుట్టలుగా తెచ్చి వాపసు ఇచ్చారు. పాడైన ఫోన్లు, తమ భాష లేని యాప్ మాకొద్దు అన్నారు. అదే ఏడాది హర్యానా ఆశాలు తమ ఫోన్లలో వేయమన్న ఒక యాప్ తమ కదలికల మీద నిఘా పెడుతుందని ఎదురు తిరిగారు. 2023లో తెలంగాణ రెండో ఏఎన్ఎంలు పర్మినెంట్ చేయమని రోడ్డెక్కారు.

వీళ్ల గోడు వినే ఉంటారు. ట్యాబ్ వచ్చింది కానీ రిజిస్టర్ పోలేదు, రెండూ రాయాలి. పగలు సిగ్నల్ ఉండదు, రాత్రి సర్వర్ ఉండదు. మగడు ఫోన్ పట్టుకుని హైదరాబాద్ పోతే భార్య ఓటీపీ ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది ఆశాలు రీచార్జ్ సొంత డబ్బుతో వేసుకుంటారు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక మొదలయ్యే ఎంట్రీని ఎవరూ పనిగా లెక్కగట్టరు. కిరసనాయిలు దీపం పోయి తెర వెలుగు వచ్చింది. రాసుడు రాత్రికే మిగిలింది.

దీన్ని చాలామంది "ట్రైనింగ్ లోపం" అంటారు. ఏఎన్ఎంలకు కంప్యూటర్ రాదు అంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. కోవిడ్ టీకాల కాలంలో ఆ వ్యవస్థ అంతా ఈ ఆడవాళ్ల వేళ్ల మీదే నడిచింది. వాళ్లకు రానిది ఏమీ లేదు. వాళ్లను అడగకుండా తయారుచేసిన ఫారం వాళ్ల పనికి సరిపోవడం లేదు, అంతే.

చట్టం సంగతి

న్యాయశాస్త్రం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది నోట్ చేసుకోండి. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన డేటా రక్షణ బిల్లు ముసాయిదాలో "సున్నితమైన సమాచారం" అని ఒక వర్గం ఉంది. ఆరోగ్యం అందులో ఉంది, కులం లేదా తెగ కూడా అందులో ఉంది. 2019 బిల్లులోనూ ఉంది. 2023లో చట్టం అయినప్పుడు ఆ వర్గమే మాయమైంది. ఒక మాదిగ ఆడమనిషి కులం, ఆమె గర్భం, ఆమె టీబీ, ఆమె ఆధార్, ఫోన్ నంబర్ అన్నీ ఒకచోట చేరుతున్న కాలంలోనే, వీటికి ప్రత్యేక కాపలా అక్కర్లేదని చట్టం తేల్చింది. దీని మీద మన సంఘాలు మాట్లాడింది చాలా తక్కువ.

మనం అడగాల్సినవి

ట్యాబ్ పగలగొట్టమని నేను చెప్పను. మంత్రసాని పేరు ఏ పుస్తకంలోనూ లేకపోవడం వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో మనకు తెలుసు. రికార్డు మనకే ఎక్కువ అవసరం. కాబట్టి ఇవి అడుగుదాం.

ఒకటి, లోటు గడి కావాలి. ప్రతి పరీక్ష పక్కన "చేయలేకపోయాను" అనే వీలు, దాని కింద కారణం. మిషన్ లేదు, మందు లేదు, డాక్టర్ లేడు, బండి రాలేదు. ఆ కారణం ఏఎన్ఎం పేరు మీద కాక, దాన్ని సరఫరా చేయాల్సిన అధికారి పేరు మీద ఎక్కాలి.

రెండు, లెక్క కిందికి రావాలి. నెలకోసారి వాడల వారీగా, తెలుగులో, మనుషుల పేర్లు లేకుండా, అంకెలు మాత్రం గ్రామసభలో చదవాలి.

మూడు, ఒకటే రాత. ట్యాబ్ ఇస్తే రిజిస్టర్ తీసేయాలి. ఎంట్రీకి పట్టే గంటలను పనిగా లెక్కగట్టి ఆశాకు, ఏఎన్ఎంకు డబ్బు ఇవ్వాలి.

నాలుగు, కొత్త ఫారం తయారుచేసే గదిలో దాన్ని నింపే మనుషులు ఉండాలి. అందులో మన వాడల ఏఎన్ఎంలు, ఆశాలు ఉండాలి.

విద్యార్థులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊరి సబ్‌సెంటర్‌కి పోండి. ఎవరి వివరాలూ చూడకండి, అది వాళ్ల హక్కు. అక్కను రెండే ప్రశ్నలు అడగండి. మీ బీపీ మిషన్, హిమోగ్లోబిన్ పరీక్ష సామాను, తూకం మిషన్ పనిచేస్తున్నాయా? లేనప్పుడు ఆ గడిలో ఏం రాస్తారు? ఆమె ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా ఊరు పేరు, మనిషి పేరు లేకుండా జవాబు రాసి పెట్టండి. మిషన్లు ఉన్నాయో లేవో మాత్రం ఆర్టీఐ కింద నేరుగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖను అడగండి. ఒక్క మండలానికి ఇది చేయగలిగితే, పచ్చ తెర వెనక ఏముందో చూపించే రికార్డు మన చేతుల్లో మనమే తయారు చేసుకున్నట్టు.

వచ్చే భాగంలో టీబీ. బీడీ చుట్టే ఇళ్లు, రాళ్లు కొట్టే మనుషులు, 2024 దాకా నెలకు ఐదు వందలుగా ఉన్న పోషకాహార డబ్బు కథ.

జై భీమ్.